ఇద్దరిదీ తప్పేనట

మంగళవారం, రాత్రి

ఈరోజు మా ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్‌లో జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. భర్త కొట్టిన దెబ్బలతో వచ్చిన సత్యవతిని ఆ భర్త పక్కనే కూర్చోబెట్టి మాట్లాడించారు మా మేడమ్. విడివిడిగా మాట్లాడదామని ముందే చెప్పాను. వినలేదు. అతను ఎంత మర్యాదస్తుడో! "ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నానండి" అన్నాడు. సత్యవతి తలెత్తలేదు. అతను పక్కనుంటే ఏం చెబుతుంది? చివరికి మేడమ్, "ఇద్దరిదీ తప్పుందమ్మా, సర్దుకుపోవాలి" అని తేల్చేశారు.

వాళ్ల అమ్మాయి దుర్గ, రెండో తరగతి పిల్ల, గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటూనే ఉంది. పిల్లను ఎవరూ పలకరించలేదని నేనే దగ్గరకు పిలిచాను.

"నేను అన్నం పారబోశానని అమ్మని కొట్టాడండి. ఇంక పారబొయ్యనండి" అంది.

"నీ తప్పు కాదమ్మా" అన్నాను.

"మరి ఎవరిదండి?"

మేడమ్ నా వైపే చూస్తున్నారు. "మీ నాన్నది" అని అందరికీ వినబడేలా చెప్పాను.

అతను విసురుగా లేచి, "పదవే ఇంటికి" అన్నాడు. సత్యవతి లేవలేదు. "నేను రానండి. తణుకులో మా అక్కకి ఫోన్ చెయ్యండి" అంది మేడమ్‌తో. ఆ అక్క వచ్చి తల్లీకూతుళ్లిద్దరినీ తీసుకెళ్లేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.

రేపు మేడమ్ సంజాయిషీ అడుగుతారు. అడగనీ. నా దిగులు అది కాదు. వచ్చే వారం ఇంకొకామెను ఇలాగే భర్త పక్కన కూర్చోబెడతారు. అప్పటికి నన్ను పంపించేస్తే, ఆమె పిల్లతో ఎవరు మాట్లాడతారు?