తెల్లెలుక మేత ముట్టలేదు

ఆత్మకూరు, 1949 జనవరి, మంగళవారం రాత్రి

ఎదురింటి దూలం మీంచి ఎలుక రాలి చచ్చింది. ప్లేగు భయానికి రేపు అందరం ఊరొదిలి చేలో పాకల్లోకి పోతున్నాం.

"నీ తెల్లెలకను ముట్టబాక పిల్లా, చంపి పూడ్చిపెట్టు" అంది అవ్వ.

"ఎప్పుడో వదిలేసినానవ్వా" అన్నాను.

అబద్ధం. నాయన మద్రాసు నుంచి తెచ్చిన నా రాణి గాదె వెనక బిస్కెట్ డబ్బాలోనే ఉంది. పొద్దున తడిసిన గడ్డి మార్చి, పెంటికలు ఊడ్చి, కొర్రలు పోశాను. ఒక్క గింజా ముట్టలేదు. చేతిలోకి తీసుకుంటే దాని ఒళ్లు కాలిపోతోంది. చెబితే దాన్ని తగలబెడతారు.

ప్లేగు గడ్డ గజ్జలోనో చంకలోనో లేస్తుందంటారు. సాయంత్రం నుంచి నా చంకలో సలుపుతోంది.

"ఇంకా ఏంది రాసేది? చలిగా ఉండాది, దా."

అవ్వ నా కోసం దుప్పటి ఎత్తి పట్టుకుంది.