తలుపు తీస్తే ఏముంటుంది?

అక్కకి,

ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. చివర్లో "సరే అయితే, అనుకున్నట్టే" అంటావు, దానికీ ఊఁ అంటాను. మొన్నా అదే జరిగింది. అమ్మని ఒప్పించి మీ ఊరు పంపే పూచీ నేను తీసుకున్నానని ఫోన్ పెట్టేశాకగానీ నాకు తెలియలేదు. అందుకే ఈ ఉత్తరం. ఇందులో నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

నువ్వూ బావా బస్టాండు ఎదురుగా భోజనశాల పెడుతున్నందుకు నాకు సంతోషమే. అమ్మకి హాస్టల్లో వంటపని అయిపోయింది కాబట్టి ఇక మీ దగ్గర వండుతుందని మీరనుకోవడంలోనూ వింత లేదు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి ఎందుకు తగ్గుతున్నానో నీకు అర్థం కావాలంటే, నా ఆదివారాల సంగతి చెప్పాలి. నవ్వుతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

పుస్తకాల షాపులో ఆదివారం మధ్యాహ్నానికే నా పని అయిపోతుంది. షట్టర్ సగం దించేసి, వెనక గదిలో గైడ్ల కట్టల మధ్య బల్ల వేసుకుని మేం నలుగురం ఒక ఆట ఆడతాం. ఆట నడిపేది పక్క సందులో కట్టుడు పళ్ళు తయారుచేసే ఆయన. పళ్ళాయన అంటాం. అచ్చులు పోయగా మిగిలిన ప్లాస్టర్‌తో రాక్షసుల్నీ డ్రాగన్లనీ చేసి తెస్తాడు. ఎంత భయంకరమైన రాక్షసుడికైనా పలువరస మాత్రం చక్కగా ఉంటుంది. ఒకావిడ నర్సు. ఒకతను లా చదువుతున్నాడు, ప్రతి రూలుకీ వాదనకి దిగుతాడు కాబట్టి ప్లీడరు.

ఆటలో మేమందరం ఒకప్పుడు డ్రాగన్లని చంపిన మహావీరులం. ఇప్పుడు కత్తులు గోడకి తగిలించి, మూడు కొండల నడుమ ఒక పూటకూళ్ళ ఇల్లు నడుపుతున్నాం. భూతాలు, దొంగలు, రాజ్యాలు పోగొట్టుకున్న రాజులు ఆకలితో వస్తారు. వాళ్ళ కడుపు నింపితే బతుకుతాం, లేకపోతే వాళ్ళు మమ్మల్నే తింటారు. (అక్కడ సారా కూడా అమ్ముతాం. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.) ఎదురుగా ఏం జరుగుతోందో పళ్ళాయన చెప్పి, ఒక్కొక్కరి వైపూ తిరిగి "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. మనం ఏమైనా చెప్పొచ్చు. పని కష్టమైనదైతే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది. ఆట అంతే. నాది మంత్రాలు తెలిసిన సూపులామె వేషం. అక్కడ కూడా మూల పొయ్యి దగ్గరే ఉంటాను. కాన్వెంట్ అలవాటు పోక మాట్లాడబోయే ముందు చెయ్యెత్తుతాను. ప్రతిసారీ ప్లీడరు "చెప్పమ్మా, కూర్చునే చెప్పొచ్చు" అంటాడు.

పోయిన నెల ఒక ఆదివారం వాన పట్టుకుంది. అమ్మ గొడుగు ఇవ్వడానికి వచ్చి, షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చింది. బల్ల మీద పాచికలు చూసింది.

"ఏమే, ఎప్పట్నించి ఇది? పందెం ఎంత?"

"పందెం లేదమ్మా. సూపు కాస్తున్నాను."

సరిగ్గా అప్పుడే నా పాచిక మూడు పడింది. సూపు మాడిపోయిందని పళ్ళాయన ప్రకటించాడు.

"మాడటమేంటి?" అంది అమ్మ. "పక్కన నిలబడి కలుపుతూ ఉండొచ్చుగా."

"మూడు పడిందండీ. రూలు," అన్నాడు ప్లీడరు.

"ఏం రూలయ్యా? ఇన్నేళ్ళు వండాను, అన్నం ఉడుకుతుందో లేదో అని ఒక్కసారన్నా పాచిక వేశానా? నువ్వెప్పుడైనా ఒక గిన్నె దించావా?"

"దించలేదండీ."

"మరి ఊరుకో."

నర్సు నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగింది. పళ్ళాయన మాత్రం చాలా మర్యాదగా కుర్చీ లాగి, "పిన్నిగారూ, మీరూ ఆడండి. మాకు పెద్ద వంటావిడ లేదు. బంగారు గరిటె మీదే," అన్నాడు.

"వంట నేను చెయ్యను," అంది అమ్మ.

కోపంగా కాదక్కా. చలికి కిటికీ మూయమన్నంత మామూలుగా అంది.

"సరే పిన్నిగారూ. మరైతే మీరేం చేస్తారు?"

అమ్మ నా వైపు చూసింది, జవాబు నా దగ్గరుందన్నట్టు. నేను బల్ల వైపు చూశాను. ఎవరూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి, "బయటికెళ్తాను," అంది.

"ఎక్కడికి?"

"నాకేం తెలుసు? తలుపు తీస్తే ఏముంటుంది?"

అప్పటినుంచి ప్రతి ఆదివారం వస్తోంది. ఆటలో పూటకూళ్ళ ఇంటికి ఇంతవరకు తిరిగి రాలేదు. చిత్తడి నేల దాటింది, పడవ ఎక్కింది, ఒక గుహలో ఎవరున్నారో చూసొచ్చింది. "కథంతా ఇక్కడ పూటకూళ్ళింట్లో జరుగుతోంది పిన్నిగారూ," అని ప్లీడరు గోలపెడితే, "జరగనీ, వింటూనే ఉన్నాగా," అంటుంది. వేషానికి పేరేం పెట్టుకుంటారంటే, "పేరెందుకు? నేనేగా," అంది.

ఆ మొదటి రోజు ఇంటికి నడుస్తూ గొడుగు నా వైపు వంచి, "ఆ అబ్బాయి నన్ను ఏం చేస్తారు అని అడిగాడు చూశావా? ఏం వండావని అడిగినవాళ్ళే అందరూ," అంది. తర్వాత పాల ప్యాకెట్ గురించి మాట్లాడింది.

అక్కా, అమ్మ అలిసిపోయింది, నేను తనని మళ్ళీ పొయ్యి దగ్గరికి పంపలేను. ఇది నా నిర్ణయం. నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నీ చెల్లి

*

ఒసేయ్ చిన్నీ,

ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది.

అమ్మ పడవెక్కిందా? చాలా సంతోషం. ఇక్కడ నేను మునుగుతున్నాను. బావ ఉద్యోగం మానేశాడు. బోర్డు రాయడం కూడా అయిపోయింది. "అమ్మ చేతి వంట" అని ఎర్రరంగులో, రోడ్డుకి అవతలి నుంచి కూడా కనపడేలా రాయించాడు. ఆ అమ్మే రానంటే బోర్డు కింద ఎవర్ని నిలబెట్టను, నిన్నా? నీ సూపు రాక్షసులే తాగలేకపోతున్నారుగా.

సరే, అసలు విషయం చెప్తాను. మొన్న తెలిసినవాళ్ళందర్నీ పిలిచి, పెద్ద గిన్నెలో నేనే వండి చూశాను. అన్నం అడుగున మాడింది, పైన పలుకు. బావ తిని "బాగుంది" అన్నాడు. బావ "బాగుంది" ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, మా పెళ్ళి ఫొటోలు చూసి కూడా అలాగే అన్నాడు. వచ్చినవాళ్ళు మర్యాదగా తినేసి వెళ్ళిపోయారు. ఎవ్వరూ రెండోసారి వడ్డించుకోలేదు. అందరూ వెళ్ళాక గిన్నె గీకుతూ ఏడ్చాను, అది బావకి కూడా తెలియదు.

ఇంట్లో నలుగురికి వండటం వేరు, బస్సు దిగినవాళ్ళకి వండటం వేరు. ఆ రెండోది నాకెవరు నేర్పారు? అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి ఎప్పుడైనా రానిచ్చిందా? "పోయి చదువుకో, ఇది నీ పని కాదు" అనేది. ఇప్పుడు ఇదే నా పని అయి కూర్చుంది. నాకు భయంగా ఉందే. అందుకే అమ్మ కావాలి. సుఖంగా కూర్చున్నదాన్ని లాక్కొచ్చి చాకిరీ చేయించాలని కాదు.

నువ్వు అడగలేకపోతే చెప్పు, నేనే వచ్చి అడుగుతాను. అప్పుడు మళ్ళీ అక్క గట్టిగా మాట్లాడిందనకు.

మీ అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చదివాక నా నిర్ణయం అంత గట్టిగా నిలబడలేదు. నువ్వు గిన్నె గీకుతూ ఏడ్చావంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. చిన్నప్పుడు చెయ్యి విరిగినా నువ్వు ఏడవలేదు.

అమ్మని అడగాలనుకున్నాను. అన్నం తింటున్నప్పుడు అనుకున్నాను, బట్టలు ఆరేస్తున్నప్పుడు అనుకున్నాను. మాట గొంతు దాకా వచ్చి, "అమ్మా, క్లిప్పులెక్కడ?" అయిపోయేది. చివరికి ఆదివారం వచ్చింది.

ఆటలో ఆ రోజు ఒక సైన్యం మొత్తం ఆకలితో మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నర్సు కాల్చిన రొట్టెలు చాలలేదు. నా సూపు మళ్ళీ చెడింది. పళ్ళాయన నా వైపు తిరిగి ఏం చేస్తారని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఎప్పుడూ కూర్చునే చెప్పొచ్చనే ప్లీడరు ఈసారి నా మొహం చూసి చేతిలో పాచిక కింద పెట్టాడు.

"ఒక పక్షి కాలికి చీటీ కట్టి అమ్మకి పంపుతాను," అన్నాను.

"చీటీలో ఏముంది?"

"ఇక్కడ వండేవాళ్ళు లేరు. భయంగా ఉంది. తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడమని."

అమ్మ అప్పటికి ఆటలో ఎక్కడో కొండ మీద ఉంది. పాచిక అరచేతిలో తిప్పుతూ నన్నే చూసింది. "ఇది సూపులామె మాటా, మీ అక్క మాటా?" అంది.

ఎత్తిన చెయ్యి అప్పుడు దించాను.

"పిన్నిగారూ, ఆట మధ్యలో బయటి విషయాలు తేకూడదని..." అన్నాడు ప్లీడరు.

"నువ్వుండవయ్యా," అంది అమ్మ. తర్వాత పళ్ళాయనతో, "వస్తున్నానని ఆ పక్షికి చెప్పు. వంటకి కాదని కూడా చెప్పు," అంది.

ఇంటికొచ్చాక నీ ఉత్తరం అడిగింది. ఇచ్చాను. నేను మొదట నీకేం రాశానని అడిగింది. అదీ చెప్పాను. అంతా విని, "ఓహో," అంది. కాగితం, పెన్ను తీసుకుని వరండాలో కూర్చుంది. ఇప్పుడే మడిచి నా చేతికిచ్చింది. చదవొద్దంది. చదవలేదు. దీంతో పాటే పెడుతున్నాను.

ఆవిడ తరఫున నేను నీకు వద్దని రాయడం తప్పో ఒప్పో అందులో ఉంటుంది.

నీ చెల్లి

*

పెద్దతల్లీ,

నా దస్తూరి చూసి నవ్వకు. హాస్టల్ బోర్డు మీద రేపటి టిఫిన్ ఏమిటో రాయడం తప్ప వేరే రాత అలవాటు లేదు.

నువ్వేమో నన్ను వంటకి రమ్మన్నావు, బోర్డు కూడా రాయించావు. చిన్నదేమో నేను అలిసిపోయానని, నన్ను కదపొద్దని నీకు రాసింది. నేను అలిసిపోయానని దానికెవరు చెప్పారు? నన్ను ఊరికే కూర్చోబెడితే వారం తిరక్కుండా గోడలు గీకుతాను. ఒకరు పని ఇచ్చారు, ఒకరు విశ్రాంతి ఇచ్చారు. నన్నడిగినవాళ్ళు లేరు. ఆ పళ్ళబ్బాయి ఒక్కడు అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదంటే చూడు, ఎంత అలవాటు తప్పిందో.

హాస్టల్ వంటగదికి ఒక్కటే కిటికీ. దాని అవతల గోడ. ఇన్నేళ్ళూ కూరగాయలు నా దగ్గరికి వచ్చాయిగానీ, నేను వాటి దగ్గరికి పోలేదు. చీకటితో ఒకతను వెనక గుమ్మంలో దించి వెళ్ళేవాడు. వాడిపోయినవి తెచ్చినా సరే, కుళ్ళినవి తెచ్చినా సరే, వాటితోనే వండాలి. ఒకసారి వార్డెనమ్మని అడిగాను, మార్కెట్‌కి నేను వెళ్ళొస్తానమ్మా అని. ఆవిడ మంచిదే. నవ్వి, "నువ్వెళ్తే పొయ్యెవరు చూస్తారు?" అంది. మళ్ళీ అడగలేదు. మీకూ చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయమా అనుకున్నాను. అది కాస్తా ఇన్నాళ్ళూ లోపలే ఉండిపోయిందని ఆ బల్ల దగ్గర కూర్చున్నాకే తెలిసింది. లేని రోడ్ల మీద నెల రోజులు నడిచాను. కాళ్ళు నిజంగానే నొప్పి పుట్టాయి.

అందుకని విను. వస్తాను. వంటకి కాదు. సరుకు నాది. తెల్లారకముందే మార్కెట్‌కి నేను వెళ్తాను, నేను ఏరుతాను, బేరం నేనాడతాను, ఎక్కించి తెస్తాను. అల్లుణ్ణి అడ్డు రావద్దను. అతను బేరమాడితే అన్నీ బాగున్నాయనే అంటాడు. ఆదివారాలు మాత్రం ఉండను. ఆ రోజు నాకిక్కడ పనుంది, కొండ మీద నుంచి ఇంకా దిగలేదు.

పొయ్యి నీది. నిన్ను దాని దగ్గరికి రానివ్వలేదన్నావు. నిజమే. నాలాగా కిటికీ తీస్తే గోడ కనపడే గదిలో ఉండిపోతావని భయపడ్డాను. నీ మంచికే అనుకున్నాను, నీకేం కావాలో అడగలేదు. కాబట్టి ఆ విషయంలో మనిద్దరం ఒకటే, నువ్వు నన్ను అననక్కర్లేదు, నేను నిన్ను అననక్కర్లేదు. మాడటం సంగతి చెప్తాను. పెద్ద గిన్నెకి కింద మంట తగ్గించి, మూత మీద నిప్పులు పెట్టు. మిగతాది సరుకు దించాక గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని అరిచి చెప్తాను. గరిటె మాత్రం ముట్టుకోను. బోర్డు చెరిపించకు, రంగు దండగ. నువ్వూ ఒకరికి అమ్మవే.

ఇప్పుడు నిన్నడుగుతున్నాను, తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పు. తలుపు తీశావు. బస్సు ఆగింది. జనం దిగి నీ బోర్డు చదువుతున్నారు. నువ్వేం చేస్తావు?

పాచిక మీద ఏ అంకె పడితే అది పడుతుంది. మొదటి ప్లేటు నాకు పెట్టు. మాడినా తింటాను, రెండోసారి కూడా వడ్డించుకుంటాను.

అమ్మ

మార్కెట్‌కి వెళ్ళే వ్యాన్‌లో ముందు సీటు ఖాళీగా ఉంటుందా, సరుకుతో పాటు వెనక కూర్చోవాలా, అల్లుణ్ణి కనుక్కుని రాయి. ముందు సీటైతే బాగుంటుంది. దారంతా కనపడుతుంది.