తామర రేకు కింద లప్పం

మట్టెవాడ, వరంగల్
నవంబరు 9

చిరంజీవి యమునకు,

బాపు మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ, మేడ మీద రంగు ఆరబెట్టిన పన్నెండు థర్మకోల్ హంసలు అందరమూ క్షేమమే. నువ్వు క్షేమంగా లేవని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి, అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అనే మాట ఈసారి రాయడం లేదు.

రోజూ ఫోన్ చేసే పిల్ల దగ్గర నుంచి మూడు పేజీల ఉత్తరం వచ్చేసరికి మీ అమ్మ కవరు విప్పకుండానే అరుగు మీద కూలబడింది. ఫోనులో నీ గొంతు పట్టేస్తామని ఉత్తరం రాశావని నాకు తెలుసు. నేనూ అటువంటి కారణంతోనే రాస్తున్నాను. ఫోనులో నాకు అబద్ధం సులువుగా వస్తుంది. పెళ్లి మండపాలు కడుతూ ముప్పై ఏళ్లుగా పెళ్లివాళ్లతో మాట్లాడినవాణ్ణి, మంచం మీద పడుకుని "లారీ బయల్దేరింది సార్, ములుగు రోడ్డు మీదున్నది" అని చెప్పినవాణ్ణి.

నువ్వు అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. అమ్మ మోకాలు అట్లాగే ఉంది. దవాఖానకు తీసుకుపోయాను. మెట్లు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రమే మబ్బు పట్టిందని హంసలను లోపల పెట్టడానికి మేడ ఎక్కింది. నేను అరిస్తే, "డాక్టర్ వచ్చి పెడ్తడా?" అని నా మీదే ఎగిరింది.

డోర్నకల్ పెళ్లి సంగతి అడిగావు. రైల్వే ఆయన ఇంటి పెళ్లి, మాటలో మర్యాద ఉన్న మనిషి. సరిగ్గా తలంబ్రాల వేళకు వాన కొట్టింది. మన నెమలి నీలం రంగంతా కారి పెళ్లికొడుకు మేనమామ తెల్లచొక్కా మీద పడింది. రంగు మీద పూయాల్సిన వార్నిష్ నేను పూయలేదు. ఆ ముక్క అక్కడ ఎవరికీ చెప్పలేదు, వానను తిట్టి వచ్చాను.

పోటీలు మానేసి వచ్చేస్తానని, ఇక్కడి ప్రైవేటు బడిలో ఆటల టీచరు ఉద్యోగం చూడమన్నావు. చూడలేదు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక కూడా చూడమంటే అప్పుడు చూస్తాను.

మిగిలింది నీ ఆఖరి మాట. "బాపూ, నువ్వు అంత కష్టపడి చేసిన బోర్డును పోటీ నడుమ నేనే మడమతోని తొక్కి పలగ్గొట్టిన. నన్ను మాఫ్ చేస్తవా?" అని రాశావు. ఆ వాక్యం చదివిన రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. దానికి జవాబు చెప్పాలంటే నీకు తెలిసిన సగం కథ కూడా మళ్లీ చెప్పాలి. తెలియని సగం దాని వెనకే నక్కి ఉంది.

అలల మీద నిలబడి పోయే ఆ సర్ఫింగ్ పలకలు బయట కొంటే మనకు అందవని, లోపలిదంతా గట్టి థర్మకోలే కదా, నా బాపు కంటే బాగా థర్మకోల్ కోసేవాడెవడని నువ్వు కొలతలు పంపినప్పుడు నేను ఎంత మురిసిపోయానో నీకు తెలియదు. జన్మంతా ఒక్క పూట నిలబడే మండపాలు కోశాను. తెల్లారితే విప్పి పారేసేవి. మొదటిసారి ఒక వస్తువు చేస్తున్నాను, అది సముద్రం దాకా పోతుంది, నా బిడ్డ దాని మీద నిలబడుతుంది అనుకున్నాను. పన్నెండు రోజులు వేడి తీగతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని చేత్తో తడిమి చూసి ముగించాను. దానిలో ఏ లోపమూ లేదు బిడ్డా. అదొక్కటీ నమ్ము.

తరువాతే మొదలైంది. దాని మీద గాజు పోగులతో నేసిన గాజుబట్ట పరిచి గట్టి జిగురు పట్టించాలి. పైన రెండు పొరలు, కింద రెండు పొరలు. మామూలు ఫైబర్ జిగురు థర్మకోల్‌ను తినేస్తుంది, ఎపాక్సీ అనేదే కావాలి అని నువ్వు రాసి, "దగ్గర నిలబడి చేయించు బాపూ" అన్న మాట కింద రెండు గీతలు గీశావు. నేను కోత ముక్కలు సంచిలో వేసుకుని ఊరంతా తిరిగాను. ఒకడు నాకే తెలియదా అని మామూలు జిగురు పూశాడు. ఉప్పుగల్లు నీళ్లలో కరిగినట్టు నా కళ్ల ముందే ముక్క కరిగిపోయింది. "నీ థర్మకోలే డూప్లికేట్ ఉన్నది" అన్నాడు. హైదరాబాదులో ఇంకొకాయన నన్ను గంటన్నర కూర్చోబెట్టి, "వంద పీసులుంటే చెప్పు పెద్దమనిషీ, ఒక్కదానికి మా పోరగాళ్ల చేతులు కూడ ఖరాబు చెయ్య" అన్నాడు. ఒక్కటి చేయించుకునేవాడు మనిషి కాడు. వాడికి కుర్చీ ఉండదు, చాయ్ ఉండదు, తారీఖు ఉండదు.

అప్పుడు దొరికాడు ఓంప్రకాశ్. ఊరి బయట రేకుల షెడ్డు, బాత్రూం తలుపులు, గణపతి విగ్రహాలు చేస్తాడు. మాట తేనె. "నీ బిడ్డంటే నా బిడ్డ కాదా అన్నా, పది దినాలల్ల చేసిస్త, ఫికరే వద్దు" అన్నాడు. పది రోజులు నలభై అయినాయి. పోయినప్పుడల్లా నీ పలక ఇంకో మూల కనిపించేది. ఒకసారి దాని మీద గణపతి తొండం అచ్చు పెట్టి ఉంది. ఒకసారి ఎవడిదో అన్నం డబ్బా. చవితి దాటింది, తలుపుల ఆర్డరు వచ్చింది. పెద్ద గిరాకీలు మన మీది నుంచి దాటిపోతూనే ఉన్నాయి.

చివరికి పని మొదలుపెట్టే రోజు ఫోన్ చేశాడు. ఆ రోజు నేను హన్మకొండలో బట్టల దుకాణం సేటు ఇంటి మండపం కడుతున్నాను. వెళ్లలేదు. నువ్వు ఫోనులో అడిగితే, "దగ్గర్నే ఉన్న బిడ్డా, రెండు పొరలు నా కండ్లతోని చూసిన" అన్నాను. అది మొదటి అబద్ధం.

మూడో రోజు పోయి చూశాను. బుడగలు. అంచున గాజుబట్ట పొడిపొడిగా లేచి ఉంది. తిప్పితే కింద ఒక్కటే పొర. తోక దగ్గర, నీ వెనక కాలు పడే చోట, బొటనవేలితో ఒత్తితే మెత్తగా లోపలికి దిగింది. అడిగితే ఓంప్రకాశ్ చేతులు తుడుచుకుంటూ, "అన్నా, నీది ఒక్కటే పీసు. దానికోసం కొత్త డబ్బా విప్పాల్నా? మిగిలిన దాంట్ల సర్దిన. గింత దానికి గంత లొల్లెందుకు?" అన్నాడు. నీ పోటీకి పద్నాలుగు రోజులుంది. పార్సిల్ చేరడానికి వారం. నేను లొల్లి పెట్టలేదు. ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

ఇంట్లో ఏం చేశానో విను. మెత్తగా ఉన్న చోట గోడల పగుళ్లు పూడ్చే లప్పం పెట్టాను. బుడగలు గీకి లప్పం పెట్టాను. అంతా నున్నగా రుద్ది, పైన తామరపువ్వు వేశాను. పదహారు రేకులు, పెళ్లి మండపానికి నడిమధ్య వేసేది. ముందు నుంచి చూసేదే చూస్తారు, వెనక్కి ఎవడు పోతాడు అని మా ఉస్తాద్ రాజమల్లు నాకు మొదటి రోజే నేర్పాడు. విరిగింది కనపడకుండా పువ్వు వేయడమే మా పని. ముప్పై ఏళ్లు అదే చేశాను, నా చేతికి ఇంకొకటి రాదు.

మీ అమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. "ఇదేమన్న పెండ్లి మండపమా, తెల్లారి ఇప్పెయ్యనీకి? పిల్ల దాని మీద నిలబడ్తది" అన్నది. "నీకు తెల్వది సుగుణా, జర చాయ్ పెట్టు" అన్నాను. చాయ్ పెట్టలేదు. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడనూ లేదు. ఎందుకో నువ్వు అడిగితే మోకాలి నొప్పి అని చెప్పాను.

నువ్వు ఆ పువ్వును చూసి ఫోనులో గంతులేశావు. అందరూ ఫోటోలు తీసుకున్నారని చెప్పావు. నాకు సిగ్గు కాలేదు, గర్వపడ్డాను. అదీ నీకు తెలియాలి.

నీ ఉత్తరం వచ్చాక ఓంప్రకాశ్ షెడ్డుకు పోయి నోటికొచ్చినట్టు తిట్టాను. నా బిడ్డ బతుకు పాడు చేసినవురా అన్నాను. వాడు చేస్తున్న తలుపు ఆపలేదు. "నువ్వు బొటనేలు వెట్టి ఒత్తినవ్. మెత్తగ దిగింది. నేను సూస్తనే ఉన్న. అయినా ఆటోల ఏసుకొని పోయినవ్. నీకు తెల్వకపోతే నన్ను కొట్టు. తెలిసి తీస్కపోయి ఇయ్యాల నా గల్లా పడ్తవా?" అన్నాడు. వాడు దొంగే. కానీ ఆ మాట మాత్రం నిజం.

తిరిగి వస్తుంటే బక్కమ్మ గుర్తుకు వచ్చింది. పాలంపేట నుంచి వచ్చిన కూలి మనిషి, పోయిన ఏడు మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు చిన్న పందిరి అడిగింది. అప్పటికి ఏడు పెళ్లిళ్లు చూసిన హంసను మెడ అతికించి పంపాను. ఫోటోల నడుమ మెడ ఊడి పిల్ల ఒళ్లో పడిందట. మర్నాడు ఆమే దాన్ని గోనెసంచిలో తెచ్చి ఇచ్చి, "మాది చిన్న పని గదయ్యా" అని వెళ్లిపోయింది. తిట్టలేదు. నేను ఆ సంగతి చెప్పి నవ్వించాను కూడా, నువ్వు కూడా నవ్వావు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, బిడ్డా, ఇందులో నా పిడికిలే పెద్దది.

నువ్వు నన్ను మాఫ్ చేయమని అడిగావు. నేను నిన్ను అడగను, ఆ మొహం నాకు లేదు. కొత్త పలక కోస్తున్నాను. తెల్లగానే పంపుతాను, చుక్క రంగు వేయను. పూత వేసేవాణ్ణి నువ్వే వెతుక్కో, దగ్గర నువ్వే నిలబడు. నా మాట మీద మాత్రం ఏదీ తీసుకోకు. అది వద్దనుకుంటే వాపసు పంపు, నేనేమీ అనుకోను.

కానీ ఇరవయ్యో తారీఖున మీ కోచ్ భరత్ సార్ తరువాతి పోటీకి పేర్లు పంపుతాడని, నీ పేరు రాయొద్దని చెప్పావని రాశావు. అందుకే దీన్ని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఆ పగిలిన పలకను పారేయకు. తోక వైపు పువ్వులో ఎడమ చివరి రేకును బ్లేడుతో మెల్లగా గీకు. రంగు కింద లప్పం కనిపిస్తుంది. అంతా రుద్దాక అక్కడ మళ్లీ కొంచెం లప్పం పెట్టి, గట్టిపడిందేమోనని ఆరకముందే ఒత్తి చూశాను, నా బొటనవేలి ముద్ర దాని మీద అట్లాగే ఉంది. దాన్ని తీసుకుపోయి మీ సార్‌కు చూపించు. ఇది మా బాపు వేలు అని చెప్పు. నీ మడమ పడక ముందే అది విరిగి ఉందని, మా బాపుకు తెలుసని చెప్పు.

ఇట్లు,
నీ బాపు
సదానందం