పొద్దు గుంకితే వెలిగే దీపం

ప్రొద్దుటూరు,
శనివారం

ప్రియమైన జమీలా,

ఈ ఉదయం అన్న గోడకు వీపు ఆనించి పళ్లు తోముకున్నాడు. పుక్కిలించడానికి కూడా తల వంచలేదు. కళ్లు వాకిలి మీదే ఉంచి, చెంబు పైకెత్తి నోట్లో పోసుకున్నాడు. చొక్కా అంతా తడిసింది. అమ్మ చూసి పొడి చొక్కా తెచ్చి ఇచ్చింది.

ఇలాంటివి ఫోన్లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను. మా దేవపాలన్న పదేళ్ల పాటు పెద్దాయన జీపు నడిపాడని నీకు తెలుసు. మా ఇంట్లో పెద్దాయన అంటే ఆ నాయకుడొక్కడే. మా నాన్న బతికున్నప్పుడు ఆయన్ను కూడా ఎవరూ అలా పిలవలేదు. అవతలి వర్గం మనిషి ఓబులేసు హత్యకేసులో అన్న ఆరో ముద్దాయి. వాడు కత్తి పట్టలేదు, జీపు మాత్రమే నడిపాడని అమ్మ అంటుంది. ఆ తేడా ఓబులేసు భార్యకు ఎవరు చెబుతారు? ఇన్నాళ్లూ పెద్దాయన మనుషుల మధ్య ఉన్నాడు కనుక బతికాడు. పోయిన నెల పెద్దాయనా, ఇరవై ఏళ్లుగా ఆయనకు శత్రువైన రెండో నాయకుడూ ఒకే పార్టీలో చేరారు. జమ్మలమడుగులో ఒకే వేదిక మీద ఒకరికొకరు దండలు వేసుకున్నారు. వాళ్లిద్దరికీ గన్‌మెన్లు ఉన్నారు. అన్నకు ఎవరూ లేరు. ఓబులేసు కొడుకులు ఏ పార్టీలోనూ చేరలేదు.

అన్న ఒక పాత ట్రెయిలరు కొన్నాడు. ఏదో ఎరువుల కంపెనీ ప్రచారానికి తిప్పిన రెండు చక్రాల గది అది. జీపు వెనక తగిలించి లాగాలి. లోపల ఒక మంచం పడుతుంది. దాన్ని కొండాపురం వైపు, రిజర్వాయరు కోసం ఖాళీ చేయించిన ఒక ఊరి చివర నిలిపి అందులో ఉంటాడట. అక్కడ కరెంటు లేదు. ఎవరి మిద్దె మీద నుంచో దింపిన పెద్ద సోలారు పలక, ఒక బ్యాటరీ సంపాదించాడు. ఆ రెండింటి మధ్య కరెంటును అదుపు చేసే కంట్రోలరు ఎంచే పని నాకు అప్పజెప్పాడు.

"ఇంగ్లీషు సదువుకున్న్యావు గదమ్మే. ఆ పుస్తకాలు సదివి మంచిది సూడు."

"నేను చదివింది కవిత్వం అన్నా."

"ఏదో ఒగటి. ఇంగ్లీషే గదా."

బడి వదిలాక గఫూర్ కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్లాను. పిల్లలకు పాఠం చెప్పడం వేరు, మగవాళ్లు కూర్చున్న దుకాణం మెట్లు ఎక్కడం వేరు. ఆయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు.

"మీ పలక ముప్పై వోల్టులు ఇస్తాది పాపా. బ్యాటరీ తాగేది పద్నాలుగు. ఈ అగ్గవ రేటుది మిగిల్నదంతా నేల పాల్జేస్తాది. సగం పైన పాయె. ఈ పెద్దది అట్ల పారబొయ్యదు. వోల్టులు తగ్గిచ్చి, ఆంపియర్లు పెంచి బ్యాటరీకే పోస్తాది."

"పెద్దదే ఇవ్వండి. ఇరవై ఆంపియర్లది," అన్నాను.

"రెండు వందల యాభై వాట్ల పలకకు సరిగ్గా అదే. ఎవురు చెప్పినారు నీకు?"

"పుస్తకంలో ఉంది."

బల్ల మీద టీ తాగుతున్న ఇద్దరి వైపు తిరిగాడు. "ముప్పై ఏండ్ల బేరంలో పుస్తకం సదివి వొచ్చిన గిరాకీని ఇప్పుడే సూస్తాండా!" వాళ్లు నవ్వారు. "ఇంగో సుకం ఏందంటే, పొద్దు గుంకితే లైటు దానంతటదే ఎలుగుతాది. తెల్లారితే అదే ఆరిపోతాది. తోటల కాపలాకని అందురూ ఇదే అడుగుతారు."

అది వెలగకుండా చేయడం ఎలా అని నేను అడగాలి. అడగలేకపోయాను. చీకటి పడ్డాక దీపం వద్దనే ఇల్లు ఎవరిదో ఈ జిల్లాలో టీ తాగే ప్రతి మనిషికీ తెలుసు. డబ్బిచ్చి పెట్టె తీసుకున్నాను. ఇంటికొచ్చి పెట్టెలోని కాగితం మీద చిన్న అక్షరాల్లో వెతికితే దొరికింది. మీట ఐదు సెకన్లు నొక్కి పడితే తెర మీది అంకె మార్చొచ్చు. అంకె సున్నా అయితే దీపం సాయంత్రం దానంతటదే వెలుగుతుంది. పదిహేను అయితే మనం వేస్తేనే వెలుగుతుంది. పదిహేను పెట్టి ఇచ్చాను.

"శానా తెలివి పాపకు," అన్నాడు అన్న. చిన్నప్పటిలాగా నా నెత్తి మీద మొట్టాడు.

నీ
సలోమి


జమ్మలమడుగు బస్టాండు,
ఆదివారం

ప్రియమైన జమీలా,

ట్రెయిలరు దగ్గర నుంచి ఇప్పుడే వచ్చాను. ప్రొద్దుటూరు బస్సులు రెండు వెళ్లిపోయాయి. నేను ఎక్కలేదు.

నేను ఎంచిన పరికరం బాగా పనిచేస్తోంది. మధ్యాహ్నానికే బ్యాటరీ నిండుతుంది. ఫ్యాను తిరుగుతుంది. దీపం మాత్రం ఈ నెల రోజుల్లో అన్న ఒక్కసారీ వేయలేదు. పగలంతా ఆ చిన్న తెర మీది అంకెలు చూస్తూ కూర్చుంటాడు. నేను వెళ్లగానే, పిల్లల మార్కులు చెప్పే తండ్రిలాగా ఈ వారం వోల్టులు చెప్పాడు. గడ్డం పెరిగింది. చెంపలు లోపలికి పోయాయి.

నువ్వు రాసిన మాటే అన్నకు చెప్పాను. కోర్టు వాయిదాలకు వెళ్లలేదు కాబట్టి ఎలాగూ వారంటు ఉంది.

"లొంగిపో అన్నా. జైల్లో వేళకు అన్నం పెడతారు. తలుపుకు తాళం ఉంటుంది."

"తాళంచెవి ఎవురి చేతిలో ఉంటాది మ్మే?" అని నవ్వాడు. "ఎలచ్చన్లు కానీ, ఓబులేసు కొడుకులతో రాజీ చేపిస్తానన్న్యాడు పెద్దాయన."

"ఆయన నీ ఫోను ఎత్తి ఎన్నాళ్లయింది?"

అన్న కంట్రోలరు వైపు తిరిగాడు. "పదమూడు పాయింటు ఆరు," అన్నాడు.

వెళ్లేటప్పుడు దారిలో గొర్రెలు మేపే తిరుపాలమ్మ కనిపించింది. గురువారం మోటారు సైకిలు మీద ఇద్దరొచ్చి ఆ డబ్బాలో ఎవరుంటారని అడిగారట. "నాకేం ఎరక నాయనా, నా గొర్రెలకు దావ తెలిస్తే సాలు అన్న్యా," అంది. అన్నకు చెప్పొద్దంది. "సెప్తే ఆ పిల్లోడు అన్నం గూడా మానుకుంటాడు."

జమీలా, నీళ్లకు అవతల రిజర్వాయరు కట్ట మీద పోలీసుల కాపలా ఉంది. ట్రెయిలరు కిటికీలో నుంచి కనిపిస్తుంది. మనుషుల్లేని ఊళ్లో దీపం వెలిగితే వాళ్లు చూడకుండా ఉండరు. అన్న బిందె తీసుకుని నీళ్లకు వెళ్లాడు. నేను మీట మీద వేలు పెట్టి ఐదు లెక్కపెట్టాను. పదిహేను తీసి సున్నా పెట్టాను. బల్బును కట్ట వైపు కిటికీకి తగిలించాను. అన్న తిరిగొచ్చి, "జాగర్తగా పో పాపా," అన్నాడు.

ముందు పోలీసులు చూస్తారా, ఆ మోటారు సైకిలు వాళ్లు చూస్తారా? అది ఎంచడానికి నా దగ్గర ఏ పుస్తకమూ లేదు.

ఇప్పుడు నాలుగున్నర. ఐదుకు కొండాపురం బస్సు ఉంది. అది ఎక్కకుండా ఉండడానికే నీకు రాస్తున్నాను.

సలోమి


ప్రొద్దుటూరు,
సోమవారం

జమీలా,

నీ ఉత్తరం అందింది. అన్నీ వరసగా రాస్తాను, నాక్కూడా వరస కావాలి.

ఆ సాయంత్రం ముందు చూసింది పోలీసులే. దీపం దానంతటదే వెలిగితే అన్న స్విచ్చు కోసం వెతికాడట. మీట నొక్కాడు, ఆరలేదు. ఐదు సెకన్లు పట్టాలని అతనికి నేను ఎప్పుడూ చెప్పలేదు. చివరికి తీగ పీకేసేటప్పటికి కట్ట మీద పోలీసు జీపు కదిలింది.

పదహారు రోజులు కడప జైల్లో ఉన్నాడు. నేను రెండుసార్లు వెళ్లాను. రెండోసారి నాతో మాట్లాడుతూ ఆవలించాడు. అన్న ఆవలించగా చూసి ఎన్ని ఏళ్లయిందో. దీపం గురించి నన్ను అడగలేదు. "ఆ మిషను శానా మంచిది మ్మే, పారెయ్యొద్దు," అన్నాడు.

ఇంతలో ఎన్నికల తేదీ వచ్చింది. పెద్దాయన మనిషి ఇంకో నలుగురితో మా ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు. "పెద్దాయన మాట నిలబెట్టుకున్న్యాడు రూతమ్మా. మీవాడికి బెయిలు తెప్పిస్తాండాడు." వాళ్లకు ప్రచారం జీపులు నడిపేవాళ్లు తక్కువయ్యారు. అమ్మ వాళ్ల చేతులు పట్టుకుని ఏడ్చింది, కాఫీ ఇచ్చింది.

మంగళవారం అన్న బయటికొచ్చాడు. గురువారం ఇద్దరు నాయకులూ ఒకే బండిలో నిలబడి పులివెందుల రోడ్డులో ఊళ్లు తిరిగారు. వాళ్ల వెనక ఖాళీ జీపు నడిపింది అన్న. శుక్రవారం పదకొండు గంటలకు జమ్మలమడుగులో టీ కోసం ఒక్కడే దిగాడు. ఓబులేసు కొడుకులు ఇద్దరూ వచ్చారు. మిగతాది పేపర్లో చదివే ఉంటావు. పేపర్లో వయసు తప్పు వేశారు. ముప్పై నాలుగు కాదు, ముప్పై రెండు.

నాయకులు ఇద్దరూ కలిసి ఒకే పూలచక్రం పంపారు. రిబ్బను పార్టీ రంగులో ఉంది.

"ఆ పాడు దీపం ఎలగకపోతే నా కొడుకు దొరికేవాడే కాదు," అని అమ్మ గఫూర్‌ను శపిస్తోంది. ఆయన తప్పు కాదమ్మా, ఆ మీట నొక్కింది నేను అని నిన్న చెప్పాను. అమ్మ లేచి నాకు అన్నం పెట్టింది. తను తినలేదు.

"నువ్వు పంపింది జైలుకు, చావుకు కాదు. నీ మీద దోషం లేదు," అని రాశావు. నువ్వు మంచిదానివి. కానీ నీకు ఒకటి రాయలేదు. బెయిలుకు ఉద్యోగం ఉన్న మనిషి జామీను కావాలన్నారు. మా ఇంట్లో ఉద్యోగం నాకొక్కదానికే ఉంది. ఐదుగురు మగవాళ్ల ముందు వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టాను.

సలోమి