పెరూ కెప్టెన్ వేషం

ఏప్రిల్ 15, సోమవారం

తాతల తాతల కాలంలో మా రేవులో చిలీ, పెరూ ఓడలు యుద్ధం చేసిన రోజు మే ఇరవై ఒకటి; ఆ పండగ నాటకానికి ఇవాళ ఏడో తరగతికి, అంటే మాకు, వేషాలు పంచారు. మా చిలీ కెప్టెన్ ఎవరు వేస్తారని ఎలియానా టీచర్ అడగ్గానే పంతొమ్మిది చేతులు లేచాయి. కత్తి దూసి శత్రువుల ఓడ మీదికి దూకి చచ్చిపోయేవాడు కదా, అందరికీ అదే కావాలి. గొంతు పెద్దదని లౌతారోకి ఇచ్చారు. పెరూ కెప్టెన్ ఎవరంటే ఒక్క చెయ్యీ లేవలేదు. చీట్లు వేస్తే నా పేరొచ్చింది. ఫ్రెసియా ఒస్సాందోన్, పెరూ కెప్టెన్. క్లాసంతా బల్లలు చరిచి మరీ నవ్వింది.

ఒక్క చెయ్యీ లేవలేదని రాశాను గానీ అది పూర్తిగా నిజం కాదు. కిటికీ పక్కన కూర్చునే మిలాగ్రోస్ చెయ్యి భుజం దాకా లేచి, జడ సర్దుకుని కిందికి దిగిపోయింది. మార్చిలో తాక్నా నుంచి వచ్చిన పెరూ పిల్ల. తనకి సముద్రం వేషం ఇచ్చారు. అంటే ఇంకో ఐదుగురితో కలిసి నీలం గుడ్డ కింద దూరి దాన్ని ఊపడం. చెయ్యి ఎందుకు ఎత్తింది, ఎందుకు దించింది? కనుక్కోవాలి.

ఏప్రిల్ 16

తాత తిడతాడనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు నేవీలో చేసిన మనిషి. రొట్టె మీద అవకాడో రాసుకుంటూ, అదేమన్నా తక్కువ వేషం అనుకుంటున్నావేంటే, నిటారుగా నిలబడు, కోతివేషాలు వేశావంటే ఊరుకోను అన్నాడు. ఆఖర్న ఉత్తరం సీన్ ఉంది. చచ్చిపోయిన మా కెప్టెన్ కత్తినీ వస్తువులనీ పెరూ కెప్టెన్ భద్రంగా మూట కట్టించి, ఆయన భార్యకి పంపుతూ రాసిన ఉత్తరం. నేవీలో ఆ ఉత్తరం మాట వస్తే అందరం గొంతు తగ్గించేవాళ్ళం, దాన్ని నువ్వు చదివితే వినాలే అన్నాడు. పాత ఓడ స్నేహితులు ముగ్గుర్ని వెంటబెట్టుకొస్తాడట. ముందు వరసలోనే కూర్చుంటారట.

శత్రువు ఉత్తరానికి గొంతు తగ్గించడమేమిటో.

ఏప్రిల్ 22, సోమవారం

స్టోర్ రూములోంచి వేషాల పెట్టె దించారు. పెరూ కెప్టెన్‌కి బొడ్డు దాకా నల్లగడ్డం, ఒక కంటికి నల్లగుడ్డ. ఏటా అంతేనట. నేను కట్టుకోబోతుంటే వెనకనుంచి మిలాగ్రోస్, ఆయనకి రెండు కళ్ళూ ఉన్నాయి అంది. క్లాసులో తను నోరు విప్పడం నేను వినడం ఇదే మొదలు. గడ్డం కూడా అలా ఉండదట, చుబుకం నున్నగా ఉండి చెంపల మీదే ఉంటుందట. నీకెలా తెలుసే, మీ మావయ్యా ఏంటి అని లౌతారో వెక్కిరించాడు. తాక్నాలో మా బళ్ళో ప్రతి క్లాసు గోడకీ ఆయన బొమ్మ ఉంటుంది, ఆరేళ్ళు దాని కిందే కూర్చున్నాను అంది.

టీచర్ తన చేతికి కత్తెర ఇచ్చారు. గడ్డాన్ని రెండు ముక్కలు చేసి చెంపలకి అంటిస్తే నేను నిజంగానే ఎవరో పెద్దమనిషిలా తయారయ్యాను.

ఏప్రిల్ 25

రిసెస్‌లో మిలాగ్రోస్‌ని మెట్ల కింద పట్టుకున్నాను. ఎలా నడిచేవాడు? ఎలా మాట్లాడేవాడు? పిల్లలున్నారా? అన్నిటికీ జవాబుంది తన దగ్గర. నా నడక చూసి, చేపల తట్ట నెత్తిన పెట్టుకున్నట్టున్నావు అంది. తను నడిచి చూపించింది. అంత బక్కపిల్ల నాలుగడుగులు వేసేసరికి మెట్ల కింద చోటు చాలదనిపించింది.

ఉత్తరం చదివినప్పుడు నేను ఏడుపుగొంతు పెట్టాను. వద్దు, నువ్వు ఏడిస్తే ఆ ఉత్తరం అందుకున్నావిడ ఏం చెయ్యాలి అంది.

ఏప్రిల్ 29

ఇవాళ మిలాగ్రోస్ చెప్పింది విని మతి పోయింది. ఆ యుద్ధం రోజున మా ఇకీకే ఊరు పెరూదేనట. అంటే ఒడ్డున నిలబడి చూసినవాళ్ళంతా వాళ్ళ ఓడ గెలవాలనే అరిచి ఉంటారు. నేను రోజూ నడిచే ఇదే ఒడ్డు.

తాతని అడిగాను. నిజమే, టీ తాగు అన్నాడు. మరి మాకెవరూ చెప్పరేం అంటే, పుస్తకంలోనే ఉంది, చదివి ఏడిస్తేగా అన్నాడు.

మే 3

రిహార్సల్‌లో నన్ను చూసి, శత్రువునని అందరూ ఎగతాళిగా ఈలలేసి గోల చేశారు. భలే సరదాగా ఉంది.

మే 6, సోమవారం

ఆ రోజు చెయ్యి ఎందుకు దించావని అడిగేశాను. చాలాసేపు షూ లేసు కట్టుకుంది. తర్వాత అంది: నీ మీద ఈలలేస్తే ఇంటికెళ్ళి నవ్వుకుంటావు, నా మీద వేస్తే నేనెక్కడికెళ్ళను? వాళ్ళమ్మ మార్కెట్లో ఆలివ్ కాయలు అమ్ముతుంది. వాళ్ళ పండగలో నువ్వు ఏ పక్షమూ ఉండకు తల్లీ, నీళ్ళలా ఉండు అని చెప్పిందట.

తాక్నాలోనే ఉండి ఉంటే ఈ ఏడు ఆ వేషం తనదేనట. అక్కడ దానికోసం కొట్టుకుంటారట. ఆరేళ్ళుగా ఎదురుచూసిందట.

అయితే నువ్వే వెయ్యి, టీచర్‌కి చెప్తాను అన్నాను. వద్దంది. ఆ మాట వినగానే నాకెంత హాయిగా అనిపించిందో. తాత, ముందు వరస, ఆ ఉత్తరం, అన్నీ నాకే మిగిలాయి. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను. సిగ్గుగా ఉంది.

మే 14

నాటకం ఇరవై నిమిషాలు దాటకూడదని హెడ్‌మిస్ట్రెస్ ఆర్డర్. టీచర్ ఉత్తరం సీన్ కట్ అన్నారు.

మిలాగ్రోస్ లేచి నిలబడింది. ఉత్తరం లేకపోతే ఆయన ఎందుకు టీచర్, చంపడానికొక్కదానికేనా అంది. చెవులు ఎర్రగా అయిపోయాయి.  టీచర్ గడియారం చూసి, సరే, ఒక్క నిమిషం ఇస్తాను, నువ్వే చదువుతావా అని అడిగారు.

తను జవాబు చెప్పడానికి ఊపిరి పీల్చింది. అంతలో నేను, నాకు మొత్తం నోటికొచ్చు టీచర్, నిమిషంలో చెప్పేస్తాను అన్నాను. బుద్ధికంటే ముందు నోరు పరిగెత్తింది. మంచిది ఫ్రెసియా అన్నారు టీచర్. మిలాగ్రోస్ కూర్చుంది.

ఆ పీల్చిన ఊపిరితో ఏమనబోయిందో. రిసెస్‌లో మెట్ల కింద లేదు.

మే 17

మిలాగ్రోస్ నాతో మాట్లాడటం లేదు. గుడ్డ మాత్రం చాలా బాగా ఊపుతోంది.

మే 20, సోమవారం, సాయంత్రం

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను.

చెంపలకి గడ్డం మిలాగ్రోసే అంటించింది. ఉత్తరం నువ్వు చదువు అన్నాను. మా అమ్మ వచ్చి కూర్చుంది, ఊరుకో అంది. జిగురు వేళ్ళు తుడుచుకుని వెళ్ళి గుడ్డ కింద దూరింది.

లౌతారో దూకాడు. మా ఓడ కార్డ్‌బోర్డ్ ఫెళఫెళా విరిగింది. వాడు చాలాసేపు చచ్చిపోయాడు. చప్పట్లు. ఓడ మునిగింది. నేను ముందుకు రాగానే వెనక వరసలు ఈలలు మొదలుపెట్టాయి. కాగితం విప్పాను. తాత ముందుకు వంగాడు. పక్కనున్న ముగ్గుర్నీ మోచేత్తో పొడిచి నన్ను చూపించాడు.

మొదటి మాట నాలుక మీదే ఉంది. కళ్ళు దించితే కాళ్ళ దగ్గర సముద్రం. పల్చటి గుడ్డ. కింద మిలాగ్రోస్ ముఖం కనిపిస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ఉత్తరం చెప్పుకుంటోంది, తనకి తనే.

నేను నోరు మూసుకున్నాను.

మర్చిపోలేదు. ఒక్క అక్షరం మర్చిపోలేదు. ఊరికే నిలబడ్డాను. ఈలలు ఆగిపోయాయి, ఎవరో నవ్వారు. పక్కనుంచి టీచర్ మొదటి మాట అందించారు. అందుకోలేదు. తాత కూడా పెదవులతో ఆ మాటే చూపిస్తున్నాడు, చిన్నపిల్లకి అన్నం తినిపించేటప్పుడు పెద్దవాళ్ళు నోరు తెరుస్తారే, అలా. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

సముద్రంలోంచి గొంతు వచ్చింది. మొదట మెల్లగా, నాకు అందించడానికే. నేను కాగితం మడిచేసి కింద కూర్చున్నాను. గొంతు ఆగింది. మిలాగ్రోస్ లేచి నిలబడింది. నీలం గుడ్డంతా తన భుజాల మీదినుంచి వేలాడుతోంది. వెనకనుంచి ఒక్క ఈల వచ్చింది. తను అటు చూసి, ఈసారి గట్టిగా, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. తాక్నా యాసలోనే. నిమిషం కాదు, మూడు నిమిషాలు పట్టింది. రెండో ఈల రాలేదు. నాలుగో వరసలో వాళ్ళమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

దారిలో తాత, ఆ పిల్ల బాగా చదివింది అన్నాడు. రొట్టెల కొట్టు దాటాక, అన్నీ గుర్తుండి అదొక్కటే మర్చిపోయావేమే, వాళ్ళ ముగ్గురికీ పది రోజులుగా చెప్పుకుంటున్నానే అన్నాడు. భయమేసింది తాతా అన్నాను.

మే 21, మధ్యాహ్నం 12:10

అప్పట్లో మా ఓడ మునిగిన నిమిషానికి సైరన్ మోగింది, రేవంతా నిలబడిపోయింది. మర్చిపోయావటగా అని లౌతారో, వాళ్ళమ్మ, తాత స్నేహితులు ముగ్గురూ అడిగారు. అవునన్నాను. మిలాగ్రోస్ వచ్చి నా పక్కన నిలబడింది. తనొక్కతే అడగలేదు.