బేజారు కట్ట తాళం తీయించుట గురించి

మానసిక ఆరోగ్య, మద్యపాన విముక్తి సేవల పెద్ద అధికారి వారి సముఖమునకు,

బళ్లారి జిల్లా యశ్వంతనగర్ దగ్గరి లారీ కాలనీ కాపురస్తుడు, మూతపడిన గనిలో ముప్పై ఒక్క ఏండ్లు హాజరు గుమాస్తాగా చేసి దిగిపోయిన నెట్టికంటప్ప వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కాలనీలో ఒకప్పుడు లారీలు తూచిన పాత వేబ్రిడ్జి గదికి తమ సిబ్బంది వేసిన తాళము తీయించి, పట్టుకుపోయిన హాజరు పుస్తకము తిరిగి ఇప్పించుట, మరియు "బేజారు" అను మాటకు అర్థము సరిచేయించుట గురించి.

కన్నడ ప్రతి జతపరచినాను. అది మా మనుమరాలు నేత్ర మర్యాదగా వ్రాసినది. ఇది తెలుగులో ఎందుకు వ్రాసినానంటే, నాకు కోపం తెలుగులోనే వస్తుంది.

1. నా తమ్ముడు హులిగెప్ప, వయస్సు నలభై ఆరు, ఖనిజం లారీ డ్రైవరు. గని మూతపడి లారీ నిలిచిపోయిన నాటి నుంచి తాగుడులో పడినాడు. పోయిన శ్రావణంలో అతని భార్య పక్కీరమ్మ, నేను కలిసి అతన్ని రెండు బస్సులు మారి తమ కౌన్సెలింగ్ గదికి పిలుచుకొని పోయినాము. అక్కడి అమ్మాయి నయన మంచి పిల్ల. "ఏనాయ్తు అణ్ణా?" అని, ఏమైందని, కన్నడంలో నెమ్మదిగా అడిగినది. మావాడు "బేజారమ్మా" అన్నాడు. అతడు అంత మాట బయటికి అనడం నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

ఆ పిల్లకు బేజారు అంటే తెలియక కాదు. కంప్యూటరులో ఆ మాట లేదు. ఆ కంప్యూటరే వెతికి వెతికి "విసుగు" అని వేసుకొన్నది. విసుగుకు ఏ చికిత్సో ఆ కాగితమే బయటికి వచ్చినది: (అ) టీవీ చూడవలెను. (ఆ) ఆటలు ఆడవలెను. (ఇ) స్నేహితులతో కాలము గడుపవలెను. హులిగెప్ప మూడవదాన్ని తు.చ. తప్పకుండా పాటించినాడు. అతని స్నేహితులందరూ బ్రాందీ షాపు దగ్గరే ఉంటారు.

2. మా వైపు పెండ్లిలో పప్పు చాలకపోయినా బేజారే, కన్నబిడ్డ పోయినా బేజారే. ఏ బేజారో ఎదుటివాడు గొంతును బట్టి తెలుసుకోవలెను. కంప్యూటరుకు చెవులు లేవని మనవి.

3. తరువాత మూడు తేదీలకు హులిగెప్ప తమ గదికి పోలేదు. దాని మీద అతని ఫైలు మూసివేసి, "గుణమైనది" అని ముద్ర వేసినారు. పక్కీరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఇదేమని అడిగితే లోపలి మనిషి, "మూడు సార్లు రాలేదంటే బాగయినట్టే కదమ్మా?" అన్నాడట. ఆమె, "బాగయ్యి రాలేదు కాదు సామీ, లేవలేక రాలేదు" అన్నదట. తిరిగి కొత్త టోకెను తీసుకోమన్నారు. ఆ వారమే, ముద్ర ప్రకారం గుణమైన నా తమ్ముడు చేయకూడని పని చేయబోయినాడు. పక్కీరమ్మ చూసినందువలన దక్కినాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవలసి ఉన్నది. నేనూ ముప్పై ఒక్క ఏండ్లు గైరుహాజరు వేసినవాణ్ణే. మనిషి రాకపోతే ఎర్ర సిరాతో సున్న చుట్టి పేజీ తిప్పేవాణ్ణి. వాడేమైనాడని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అందుచేత తమ గుమాస్తాను తిట్టే యోగ్యత నాకు లేదు. తిట్టవలెనని మాత్రం చాలా ఉన్నది.

4. అప్పుడు మా వీధిలోని డెబోరమ్మ వచ్చినది. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి విరమించిన మనిషి. "డాక్టరు దగ్గరికి నేను పిలుచుకొని పోతాలేప్పా, మాత్రలు నేను మింగిస్తా. మనుషుల్ని కూర్చోబెట్టే పని నీది" అన్నది. వేబ్రిడ్జి గది ముందు సిమెంటు కట్ట ఉన్నది. సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు దాని మీద కూర్చోవడం మొదలుపెట్టినాము. మొదట ముగ్గురము. తరువాత పద్నాలుగు మంది. జనమే దానికి బేజారు కట్ట అని పేరు పెట్టినారు.

కట్ట నియమములు రెండే. ఒకటి: వచ్చినవాణ్ణి "బేజారు ఉండాదా?" అని అడగవలెను. వాడు "ఉండాది" అనో "ఈ పొద్దు లేదు" అనో చెప్పవలెను. బుద్ధులు చెప్పరాదు. బుద్ధులు చెప్పేవాళ్లు వీళ్లకు ఇంట్లోనే కావలసినంతమంది ఉన్నారు. రెండు: హాజరు పుస్తకంలో రానివాని పేరు ఎదుట నేను సున్న చుట్టగానే ఇద్దరు లేచి వాని ఇంటికి పోవలెను. తమ గదిలో రానివాడు గుణమైనట్టు. మా కట్ట మీద రానివాడు ఆపదలో ఉన్నట్టు. తేడా ఇంతే, సార్.

ఆ పుస్తకంలో హులిగెప్ప హాజరు నూట పన్నెండు దినాలు. నూట పన్నెండూ తాగకుండా వచ్చినవే.

5. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పోయిన నెల తమ సిబ్బంది జీపులో తనిఖీకి వచ్చినారు. ఫోటోలు తీసినారు, డెబోరమ్మ ఇచ్చిన టీ తాగినారు. పది దినాలకు నోటీసు వచ్చినది. అందులో మా కట్ట "విసుగుదల నివారణ వినోద సంఘము" అయి కూర్చున్నది! వినోదానికి క్లబ్బు లైసెన్సు లేదట. వైద్యమంటారా, మానసిక డాక్టరు లేడట. "మేము ఆడేదీ లేదు, సూది వేసేదీ లేదు సార్, ఊరికే కూర్చుంటాము" అని నేను మొరపెట్టుకుంటే, "కూర్చోవడానికి ఫారంలో కాలమ్ లేదు" అన్నారు. గదికి తాళం వేసినారు. సాక్ష్యమని పుస్తకం పట్టుకొని పోయినారు.

ఇప్పుడు తాళం ముందరే కూర్చుంటున్నాము. కాని నలుగురు రావడం మానినారు. కొత్త నోటుపుస్తకం తెస్తానంటే హులిగెప్ప ఒప్పుకోడు. "ఆ బుక్కులో ఉండే నూటా పన్నెండు దినాలు యాడికి పోవల్లణ్ణా? మొదుటికి వస్తే నా చేత కాదు" అంటాడు. నా తమ్ముడు ఆ పుస్తకం పట్టుకొని నిలబడినాడు సార్. తమరు దాన్ని బీరువాలో పెట్టినారు.

కావున కోరుకొనునది: తాళము తీయించవలెను. ఫారంలో "బేజారు" అను మాటను బేజారుగానే వ్రాయించవలెను. మూడు సార్లు రానివానికి ముద్ర వేయక, వాని ఇంటికి ఒక మనిషిని పంపవలెను. తమ దగ్గర మనిషి లేకుంటే మా దగ్గర పద్నాలుగు మంది ఉన్నారు, వారికి నేర్పించవలెను. నెలకొకసారి డాక్టరును ఈ కట్ట దగ్గరికే పంపవలెను. పద్నాలుగు మంది రెండేసి బస్సులు మారడం కన్న ఒక్క జీపు రావడం సులభమని నాబోటి గుమాస్తాకే తోచినది, తమకు తోచదా?

చిత్తగించవలెనని వేడుకోను, చాలామంది చిత్తగించినారు. చిత్తగించిన మీదట తాళంచెవి పంపవలెను.

తమ విధేయుడు
(సాయంత్రం అయిదు వరకు, ఆ పైన కట్ట దగ్గర ఉంటాను)
నెట్టికంటప్ప

తా.క. పైన కట్ట దగ్గర ఉంటానని వ్రాసినది అబద్ధం. ఈ అర్జీ వ్రాసి, కొట్టివేసి, తిరిగి వ్రాస్తూ, మూడు దినాలుగా నేను కట్టకు పోలేదు. ఇప్పుడే సంతకం పెట్టి తలెత్తితే వాకిట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. హులిగెప్ప, డెబోరమ్మ.

"ఏందణ్ణా, మూడు దినాలాయ, రాకపోతివి?" అన్నాడు నా తమ్ముడు.

"అర్జీ రాస్తాండా లేప్పా" అన్నాను.

వాడు కాగితం వంక చూడనే లేదు. నా మొగమే చూసినాడు.

"అది సరే. బేజారు ఉండాదా?"

నా భార్య ఉచ్చెంగమ్మ పోయి నాలుగేండ్లు, సార్. ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎప్పుడూ అడిగేవాడు, పుస్తకం పట్టుకొని కూర్చునేవాడు కదా, వానికేముంటుందనుకొన్నారేమో. నేనూ అట్లే అనుకొన్నాను.

"ఉండాదప్పా" అన్నాను. అని, డెబోరమ్మ ముందరే ఏడ్చినాను. బుద్ధులు చెప్పకుండా ఇద్దరూ నా పక్కన కూర్చున్నారు.

పుస్తకం తొందరగా పంపించండి. హాజరు వేసే గుమాస్తా పేరు హాజరులో ఉండదని ఇన్నాళ్లూ వ్రాసుకోలేదు. హులిగెప్ప పేరు కింద నా పేరు వ్రాసుకోవాలి.