అక్క కొలతలు

నాన్నా,

మీరు నా కూతురికి కుట్టి పంపిన గౌను తిరిగి పంపిస్తున్నాను. వేస్తే భుజాలు జారిపోతున్నాయి. అక్క కూతురి కొలతకే కుట్టారని చూడగానే తెలిసింది. మీ కొలతల పుస్తకంలో నాకు పేజీ లేనట్టే నా కూతురికీ లేదన్నమాట.

మన టైలరు కొట్టుకి ఎవరొచ్చినా, ముక్కూ మొహం తెలియనివాళ్లయినా సరే, "చెయ్యెత్తమ్మా, ఊపిరి బిగపట్టకు" అని ఎంతో ఓపిగ్గా కొలిచేవారు. నేను వచ్చి నిలబడితే మాత్రం "అక్క కొలతే పెడతాలే, ఎదిగే పిల్లవి" అని తలెత్తకుండానే కత్తెర ఆడించేవారు. పదహారేళ్లు అక్క ఒంటికి సరిపోయే బట్టల్లోనే తిరిగాను. వదులుగా ఉందంటే పెంకిదాన్నన్నారు. అనడం మానేశాక, బుద్ధొచ్చిందని సంబరపడ్డారు.

ఇప్పుడేమో నా గురించి "దానికి మనసు లేదు, ఒట్టి రాయి" అని అక్కతో అన్నారట. నిజమే. నిన్న నా కూతురు వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేస్తే, ఏం చెయ్యాలో తెలియక కొయ్యబారిపోయాను. పిల్ల భయపడి చేతులు తీసేసింది. రాయి పుట్టుకతోనే రాయి కాదు నాన్నా.

పిల్ల కొలతలు ఇందులో రాయడం లేదు. కావాలంటే టేపు మెడలో వేసుకుని మీరే రండి. దానికి చక్కిలిగింతలు ఎక్కువ, టేపు తగిలితే చాలు పకపకా నవ్వుతుంది. నాకు చక్కిలిగింతలు ఉన్నాయో లేదో మీకు తెలియదు. నాకూ తెలియదు.

మీ చిన్నమ్మాయి